స్తోత్రంలో సకారం

రేడియో బాగుచేయడమంటే కాలిపోయిన భాగం తీసేసి కొత్తది బిగించడమే అనుకుంటారు ఇప్పటి కుర్రవాళ్ళు. మా రోజుల్లో అది సగం పని. పెట్టెలోంచి చప్పుడు వచ్చేదాకా చేతుల పని, ఆ చప్పుడు మనిషి గొంతుగా మారేదాకా చెవుల పని. మొదటి సగం ఎవరైనా నేర్పగలరు. రెండో సగం నాకు పంజాగుట్టలో ఒక ఉస్తాద్ నేర్పారు. ఆ చెవుల పనిలోనే ఆయనకొక పెద్ద కష్టం వచ్చింది. దాన్ని ఆయన ఎలా దాటారో పని నేర్చుకుంటున్నవాళ్ళకు చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

ముందు ఒక చిన్న సంగతి. నోటికి కండువా అడ్డం పెట్టుకుని 'సీత' అని చూడండి. 'ఈ' బయటికి వస్తుంది, 'త' కూడా కాస్త వస్తుంది. 'స' మాత్రం కండువాలోనే ఉండిపోతుంది. స, శ, చ లాంటి సన్నని ధ్వనులు, తాళాల గలగల, సితారు తీగ మీద గోరు తగిలిన చప్పుడు, ఇలాంటివన్నీ కలిపి ట్రెబుల్ అంటారు. నలభైల నాటి రేడియోలు చాలావరకు కండువా కప్పుకుని మాట్లాడేవే. ఒక స్టేషన్ వింటుంటే పక్క స్టేషన్ చొరబడకూడదని తయారీదారులు లోపల తలుపు ఇరుకుగా పెట్టేవారు. విచిత్రమేమిటంటే, ఆ ఇరుకు తలుపులోంచి లావు గొంతులు హాయిగా దూరి వచ్చేవి, సన్నవే దూరలేకపోయేవి. దానికి తోడు గరగర వినబడకుండా ఒక కండెన్సర్ అడ్డం పెట్టేవారు. మిగిలిన సన్నదనం దానితో పోయేది. జనం దాన్నే మెత్తని ఆవాజ్ అని మెచ్చుకునేవారు.

మా ఉస్తాద్ మెచ్చుకునేవారు కాదు. "ఆవాజ్ మీద పరదా ఉండొద్దు" అనేవారు. దుకాణంలో ఆయన చట్టం అదొక్కటే.

ఆనాటి పంజాగుట్టను ఇప్పుడు ఊహించుకోవడం కష్టం. రోడ్డుకి ఒక పక్క బండరాళ్ళు, సీతాఫలం పొదలు. ఇంకో పక్క దూరదూరంగా తోటల మధ్య బంగళాలు. ఆ బంగళాల్లోని రేడియోలు, బేగంపేట వైపు నుంచి వచ్చేవీ, కంబళ్ళలో చుట్టుకుని జట్కాబండ్లలో మా దగ్గరికి చేరేవి. పసిపిల్లని వైద్యుడి దగ్గరికి తెచ్చినట్టు తెచ్చేవారు. దుకాణం ఒక రాతి ఇంటి ముందు గది. లోపల ముగ్గురం. ఉస్తాద్, నేను, పెట్టెల చెక్కపని చూసుకోవడానికి బోరబండ నుంచి వచ్చే వడ్రంగి అన్న.

ఉస్తాద్‌కి అప్పటికి యాభై దాటాయి. కుర్రతనంలో ఓడల్లో వైర్‌లెస్ పని చేశారట. ఏళ్ళ తరబడి చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని సముద్రం మీది గరగరల మధ్య సంకేతాలు ఏరుకున్న మనిషి. ఏ రేడియో వచ్చినా ముందు మూత తెరిచేవారు కాదు. యజమానిని కూర్చోబెట్టి, "దీంట్ల మీరేం వింటరు?" అని అడిగేవారు. వార్తలు వినేవాళ్ళకు ఒకలా, గజల్ వినేవాళ్ళకు ఒకలా, సన్నాయి వినేవాళ్ళకు ఇంకోలా సర్దేవారు. ఒక బంగళాలో ముసలావిడ తను పొద్దున్నే ఖురాను పారాయణం వింటానంటే, ఆ రేడియోతో సగం రోజు గడిపి, చదివే ఆయన ఊపిరి తీసుకునే చప్పుడు కూడా వినబడేలా చేసి పంపారు. ఆవిడ ఆ తరువాత తన చుట్టాల రేడియోలన్నీ మా దగ్గరికే తోలింది.

ఇక నేను. మాది అమీర్‌పేట. మా నాన్న మిషన్ బంగళాలో తోటపని చేసేవాడు. యుద్ధం రోజుల్లో సైన్యం వారి వర్క్‌షాపులో వైర్‌లెస్ పని నేర్చుకుని, అది ముగిశాక ఉస్తాద్ దగ్గర చేరాను. ట్రెబుల్ అన్న మాట మాత్రం నేను రేడియోల్లో నేర్చుకోలేదు. మా గుడి, అంటే చర్చి, పాటల బృందంలో నేర్చుకున్నాను. మిషన్ బడిలో ఒక టీచరమ్మ ఉండేవారు. గుంటూరు వైపు నుంచి వచ్చి మా మధ్యే స్థిరపడిన మనిషి. నాలుగు గొంతుల పాటలో అన్నిటికన్నా పైన సాగే పిల్లల గొంతును ట్రెబుల్ అంటారని, అది పందిరి మీద తీగలా పైపైన పాకాలని ఆవిడే చెప్పారు. మీసం మొలిచేదాకా నేను ఆ వరసలోనే నిలబడి పాడాను. ఉస్తాద్ నన్ను పనిలో పెట్టుకుంటూ, "పాడినవా? అయితే చెవి ఉన్నది. చెయ్యి నేను నేర్పుత" అన్నారు.

కొంతకాలం దివ్యంగా సాగింది. ఆ తరువాత మా రేడియోలు తిరిగి రావడం మొదలైంది.

పాడై రావడం కాదు. బాగానే పలుకుతూ, ఎక్కువ పలుకుతున్నాయని వచ్చేవి. "ఏం సాబ్, మీ దగ్గరికి పంపినంక దీని గొంతు కీచుమంటున్నది" అని ఒకరు. "పాట వింటుంటే పోపు వేసినట్టు చుయ్యిచుయ్యిమంటది" అని ఒకరు. వడ్రంగి అన్న వాటికి తిరిగి పాలిష్ పెడుతూ, చెవిలో దూది కుక్కుకుని, "గీ రేడియోలకు బ్రషుతోని కాదు, ఆకురాయితోని పని ఉన్నది" అనేవాడు. ఉస్తాద్‌కి కోపం వచ్చేది.

"కండువా కప్పిన రేడియోలు ఇని ఇని జనానికి చెవులు పాడైనయి. పరదా తీస్తే ఎలుతురు కండ్లల్ల పడుతున్నదని ఏడుస్తున్నరు" అనేవారు.

నేను ఆయన మాట నమ్మాను. నాకు కూడా ఆ రేడియోలు కీచుగానే వినబడేవి. కానీ నేను పుట్టకముందు నుంచి రేడియోలతో ఉన్న మనిషి ఆయన. నా చెవికే ఇంకా శిక్షణ చాలలేదనుకున్నాను. ఇంకో మార్పు కూడా గమనించాను గాని, దీనికీ దానికీ ముడి పెట్టలేకపోయాను. బజారులో పిల్లలు ఏమైనా అడిగితే ఆయన రెండోసారి చెప్పించుకునేవారు. "గీ కాలం ఆడోళ్ళు, పిల్లలు నోరు తెరిచి మాట్లాడరు" అని విసుక్కునేవారు. నేను "సీసం అయిపోయింది ఉస్తాద్" అంటే, "ఏమయిపోయింది?" అనేవారు.

ఇలా ఉండగా టీచరమ్మ ఒక వార్త తెచ్చారు. క్రిస్మస్ ముందు ఒక సాయంత్రం రేడియో స్టేషన్‌లో పాడమని ఆవిడ బడి ఆడపిల్లల బృందానికి పిలుపు వచ్చిందట. అందులో అమీర్‌పేట పిల్లలున్నారు, యూసుఫ్‌గూడ పిల్లలున్నారు, బోరబండలో రాళ్ళు కొట్టేవాళ్ళ పిల్లలున్నారు. వాళ్ళ ఇళ్ళల్లో రేడియో మాట దేవుడెరుగు, దీపానికి నూనె ఉంటే గొప్ప. అందుకని గుడి ముందు ఆవరణలో ఒక రేడియో పెట్టి, దానికి పెద్ద లౌడ్‌స్పీకర్ తగిలించి, తల్లులందరినీ కూర్చోబెట్టి వినిపించాలని ఆవిడ సంకల్పం.

"ఉస్తాద్ గారూ, నాకు ఒకటే కోరిక. పిల్లలు పాడిన మాటలు తల్లులకు తెలియాలి. బావిలోంచి వచ్చినట్టు ఉండకూడదు" అన్నారు.

ఉస్తాద్ ముఖం వెలిగిపోయింది. "కొన్న రేడియోతోని కాదు టీచరమ్మా. నేను చేసి ఇస్త" అన్నారు.

చేశారు కూడా. స్టేషన్ మన ఊళ్ళోనే ఉంది, దాని తరంగం బలంగా వస్తుంది, కాబట్టి పక్కవాళ్ళకు భయపడి తలుపు ఇరుకు చేసుకోవలసిన పని లేదని ఆయన ఆలోచన. తలుపు బార్లా తెరిచిన రేడియో అది. దాని తీగచుట్టలన్నీ స్వయంగా చుట్టారు. యుద్ధం తరువాత విడిభాగాలు దొరకని రోజుల్లో, ఎక్కడెక్కడి పాత రేడియోల నుంచో ఏరి తెచ్చారు. అంత ఆనందంగా ఆయన పని చేయడం నేను ఎప్పుడూ చూడలేదు.

తయారయ్యాక ఒక మధ్యాహ్నం టీచరమ్మను పిలిచి వినిపించాం. స్టేషన్‌లో ఎవరో ఒకావిడ పాడుతోంది. మొదటి చరణానికే టీచరమ్మ కళ్ళు చిట్లించారు. ఆవిడ మర్యాదస్తురాలు. పాట అయ్యేదాకా ఆగి, నెమ్మదిగా చెప్పారు.

"ఏంటండీ, సకారాలు సూదుల్లా గుచ్చుతున్నాయి? మా పిల్లల పాటంతా 'స్తోత్రం' అన్న మాట చుట్టూనే కట్టాను. ఇలా వినిపిస్తే ఆవరణలో పాములు బుస కొడుతున్నాయనుకుంటారు."

"అట్లెట్ల అంటరమ్మా? ఇంకా చాలినంత పైకి రానే లేదు. సూపిస్త ఉండుండ్రి." ఉస్తాద్ బల్ల మీదికి ఆసిలేటర్ తీశారు. అది ఒక స్వరాన్ని పుట్టించే యంత్రం. దాని చక్రం తిప్పుతూ పోతే స్వరం లావు నుంచి సన్నానికి పోతుంది. ఆ స్వరాన్ని రేడియోలోంచి పంపి, అది ఎంత సన్నదనం దాకా పలుకుతుందో చూసేవాళ్ళం.

ఆయన చక్రం తిప్పారు. శంఖంలా మొదలైన స్వరం పిల్లనగ్రోవిలా మారింది, తరువాత ఈల అయింది, ఆ తరువాత చెవిలో దూరే సన్నని తీగ అయింది. అక్కడ ఉస్తాద్ చెయ్యి ఆపారు.

"సూసినరా? గీడ బంద్ అయింది. రేడియో గింతకు మించి పోతలేదు. గందుకే ఇంకా తెరవాలంటున్న."

కానీ అది బంద్ కాలేదు. గది నిండా మోగుతోంది. టీచరమ్మ కొంగు చెవికి అడ్డం పెట్టుకున్నారు. వడ్రంగి అన్న చేతిలో పని వదిలేసి రెండు చెవుల్లో వేళ్ళు పెట్టుకున్నాడు. ఉస్తాద్ మా ముగ్గురి ముఖాలూ ఒకదాని తరువాత ఒకటి చూశారు.

"ఏంది అట్ల సూస్తున్నరు?"

"ఉస్తాద్, ఇంకా మోగుతున్నది" అన్నాను.

"ఏది?"

"ఈల. మస్తుగ మోగుతున్నది."

ఆయన వాదించలేదు. జేబురుమాలు తీసి ఆసిలేటర్ మీటను కప్పారు. దాని కింద చెయ్యి పెట్టి, నేను చూడకుండా మీట వేస్తూ తీస్తూ అడగడం మొదలుపెట్టారు. "ఇప్పుడు?" మోగుతున్నది. "ఇప్పుడు?" ఆగింది. "ఇప్పుడు?" ఆగే ఉంది. "ఇప్పుడు?" మోగుతున్నది. చాలాసేపు అడిగారు. నేను ఒక్కసారైనా తప్పు చెబితే బాగుండునని నాకే అనిపించింది. చెప్పలేదు. చివరికి ఆయన రుమాలు తీసి మడిచి జేబులో పెట్టుకున్నారు.

"ఎన్నడు పోయింది ఇది?" అన్నారు. కాలిపోయిన వాల్వు గురించి అడిగినట్టే ఉంది గొంతు.

ఆయన చక్రాన్ని మొదటి నుంచి మళ్ళీ తిప్పారు. తనకు వినబడడం ఆగిన చోట పెన్సిల్‌తో ఒక గీత పెట్టుకున్నారు. "నువ్వు చెప్పు" అని నన్ను నిలబెట్టి, నాకు ఆగిన చోట ఇంకో గీత పెట్టారు. రెండు గీతల మధ్య బొటనవేలు పట్టేంత ఎడం ఉంది. ఆ ఎడంలోనే ఉన్నాయి మన భాషలోని సకారాలన్నీ.

"ఇన్ని దినాలు జనం చెవులు పాడైనయని తిట్టిన. నాకు వినబడేదాకా తెరుసుకుంట పోయిన. పాపం, వాళ్ళకు ఎంత గుచ్చుకున్నదో ఏమో" అన్నారు. స్టూలు మీద కూర్చున్నారు. "టీచరమ్మా, మీ పని చెడగొట్టను. పట్నంల పెద్ద దుకాణాలున్నయి. వాళ్ళకు ఇయ్యుండ్రి."

అందుకు టీచరమ్మ చెప్పిన మాట నాకిప్పటికీ అక్షరం అక్షరం గుర్తుంది. "ఉస్తాద్ గారూ, మా బృందంలో కింది స్వరం పాడే పిల్లకి పై స్వరం అందదు. అందలేదని దాన్ని ఇంటికి పంపేస్తానా ఏంటి? పక్కన పై స్వరం పాడేదాన్ని నిలబెడతాను. మీ పక్కన వీడు ఉన్నాడు. వీడికి ఆ స్వరం నేర్పింది నేను. వీడి చెవికి నేను పూచీ."

ఉస్తాద్ నా వైపు చూశారు. కాసేపటికి ఆయన మీసాల కింద నవ్వు కదిలింది. "అయితే నేను కింది స్వరమా?"

"మీ గొంతు వింటే ఎవరైనా అదే చెబుతారు" అన్నారు టీచరమ్మ.

మరునాటి నుంచి మా పని తీరు మారింది. ఆయన చేతులు పెట్టెలో, నేను పెట్టె ముందు. ఆయన మర తిప్పుతారు, నేను చెబుతాను. మొదటి రెండు రోజులు ఇద్దరికీ చిరాకే. 'కొంచెం కీచు' అంటే ఎంత కీచో ఆయనకు చెప్పడం ఎలా? చివరికి సంకేతాలు పెట్టుకున్నాం. అరచెయ్యి పైకి పోతే ఎక్కువవుతోందని, కిందికి దిగితే తగ్గుతోందని, పిడికిలి బిగిస్తే సరిపోయిందని. ఓడల్లో జెండాలతో మాట్లాడుకున్న మనిషి కాబట్టి ఆయనకు అది వెంటనే వంటబట్టింది. గుడి కోసం చేసిన రేడియోలో సకారాలు సకారాల్లాగే పలకడం మొదలుపెట్టాయి.

పనిలో పనిగా, కీచుగా పోయిన పాత రేడియోలన్నీ సరిచేయాలని ఉస్తాద్ పట్టుబట్టారు. జట్కా కట్టించుకుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, బంగళా బంగళాకూ తిరిగారు. ప్రతి చోటా ఒకటే మాట: "నా చెవి పోయింది సాబ్. ఇది నా కొత్త చెవి." 'ఇది' అంటే నేనన్నమాట. వడ్రంగి అన్నకు భయం పట్టుకుంది.

"చెవి పోయిందని మనమే ఊరంత చాటుకుంటే గిరాకీ ఎట్ల వస్తది ఉస్తాద్?"

"చెప్పకుంటే ఎట్ల వస్తది? రేడియోనే చెప్తది గద" అన్నారాయన. ఆ మాట నిజమే అయింది. ఒక్క ఇల్లు కూడా మమ్మల్ని వదిలిపోలేదు.

ఇక ఆ సాయంత్రం.

గుడి వరండాలో బల్ల వేసి రేడియో పెట్టాం. మిషన్ బంగళా నుంచి కరెంటు తీగ లాగాం. లౌడ్‌స్పీకర్‌ని ఆవరణ నడుమ గుంజకు కట్టాడు వడ్రంగి అన్న. టీచరమ్మ పిల్లల్ని తీసుకుని మధ్యాహ్నమే స్టేషన్‌కి వెళ్ళిపోయారు. దీపాలు పెట్టే వేళకు ఆవరణ నిండిపోయింది. పని నుంచి నేరుగా వచ్చినవాళ్ళ చీరల మీద ఇంకా రాతిపొడి ఉంది. తల్లులు ముందు, తండ్రులు గోడ వెంబడి. అంత మంది ఆడవాళ్ళు ఉన్న చోట అంత నిశ్శబ్దం నేను చూడలేదు. పాస్టరుగారు చిన్న ప్రార్థన చేసి కూర్చున్నారు.

అనౌన్సరు గొంతు స్పష్టంగా వచ్చింది. మా బడి పేరు వినగానే జనం కదిలారు. హార్మోనియం మొదలైంది. సరిగ్గా అప్పుడే ఈల కూడా మొదలైంది.

చలికాలం సాయంత్రాలు రేడియోవాళ్ళకు పరీక్ష. పగలంతా పడుకున్న దూరపు స్టేషన్లు చీకటి పడగానే లేస్తాయి. ఎక్కడో వందల మైళ్ళ అవతలి స్టేషన్ మన స్టేషన్‌కి మరీ దగ్గరగా వచ్చి నిలబడితే, రెండూ రాసుకుని సన్నని ఈల పుడుతుంది. ఇరుకు తలుపు రేడియోల్లో అది వినబడదు. మాది బార్లా తెరిచిన తలుపు. అంతకుముందు సాయంత్రాలు ఏమీ రాలేదు, ఆ సాయంత్రమే వచ్చింది. దోమ చెవి దగ్గర ఆగకుండా పాడినట్టు, పిల్లల పాట మీద ఆ ఈల పరుచుకుంది. ముందు వరసలో ఆడవాళ్ళు తలలు పక్కకు తిప్పుకున్నారు. చంటిపిల్ల ఒకతె ఏడుపు అందుకుంది.

వరండాలో ఉస్తాద్ ప్రశాంతంగా, కళ్ళు అరమోడ్చి, తాళం వేస్తున్నారు. ఆయనకు హార్మోనియమూ కింది స్వరాలూ తప్ప మరేమీ వినబడడం లేదు.

నేను పరుగెత్తాను. "ఉస్తాద్, ఈల పడ్డది! పాటంతా కమ్మేస్తున్నది!"

ఆయన కళ్ళు తెరిచి ఆవరణ వైపు చూశారు. తలలు తిప్పుకున్న తల్లులను చూశారు. ఇలాంటిది వస్తే పనికి వస్తుందని రేడియోలో ఆయన ఒక వడపోత పెట్టారు. ఒక్క ఆ ఈలను మాత్రమే పట్టి మింగేసే తీగచుట్ట. కానీ ఈల ఏ స్థాయిలో ఉందో, సరిగ్గా అక్కడికి దాన్ని తిప్పితేనే అది పని చేస్తుంది. కొంచెం అటూ ఇటూ అయితే ఈలను వదిలేసి పాటలోని సన్నదనాన్ని తినేస్తుంది. పైగా దానికి రెండు మరలు, ఒకటి తిప్పితే రెండోది సర్దుకోవాలి. చుట్టింది ఆయన, దాని పోకడ ఆయన వేళ్ళకే తెలుసు. నాకు అప్పటికి నేర్పలేదు.

"జర ఫికర్ చెయ్యకు. నువ్వు పోయి భోంగ కింద నిలబడు. చెయ్యి ఊపు" అన్నారు.

ఆవరణ నడుమ, ఆ స్పీకరు కింద, అంత మంది చూస్తుండగా నేను చెయ్యి ఎత్తి నిలబడ్డాను. పాస్టరుగారు నేను కొత్తగా ఏదో ప్రార్థన మొదలుపెట్టాననుకున్నారట, తరువాత చెప్పారు. ఉస్తాద్ రేడియో వెనక మోకాళ్ళ మీద కూర్చుని, మరలు తిప్పే పేచ్‌కస్ లోపల పెట్టి, చూపు మాత్రం నా చేతి మీద పెట్టారు. ఆ పెట్టెలో కరెంటు ఉంది, వేలు జారితే మనిషిని విసిరికొడుతుంది. ఆయన లోపలికి చూడనే లేదు.

ఈల అలాగే ఉంది. నా చెయ్యి పైనే ఉంది. కాస్త తగ్గింది, చెయ్యి దించాను. ఇంకా తగ్గింది. ఉన్నట్టుండి పిల్లల గొంతులు కూడా దుప్పటి కప్పినట్టు మందగించాయి. నేను గబగబా తల అడ్డంగా ఊపాను. ఆయన వెనక్కి వచ్చారు. రెండో మర పట్టుకున్నారు. గొంతులు విచ్చుకున్నాయి, ఈల తిరిగి తల ఎత్తింది, నా చెయ్యి లేచింది. మళ్ళీ మొదటి మర. వెంట్రుకవాసి. ఇంకో వెంట్రుకవాసి. ఈల సన్నబడి, సన్నబడి, దీపం కొండెక్కినట్టు ఆరిపోయింది.

పిడికిలి బిగించాను.

ఉస్తాద్ పేచ్‌కస్ బయటికి తీసి, చేతులు రెండూ పైకెత్తి చూపించారు.

పాట రెండో చరణంలోకి వచ్చింది. 'స్తోత్రం' అన్నారు పిల్లలంతా ఒక్క గొంతుగా. ఆ సకారం సూదిలా గుచ్చలేదు, కండువాలో చిక్కుకోలేదు. పక్కన కూర్చున్న పిల్ల అన్నట్టు ఉంది. నా ఉద్యోగకాలంలో ఆ తరువాత ఎన్నో పెద్ద యంత్రాలు చూశాను, పేరున్న స్టూడియోల్లో పని చేశాను. అంత శుభ్రమైన 'స' మళ్ళీ వినలేదంటే నమ్మండి. విన్నది ఇరవై ఏళ్ళ చెవి కాబట్టి అలా అనిపించిందేమోనని మా ఇంట్లోవాళ్ళు అంటారు. అననివ్వండి.

ఉస్తాద్, నేను అలాగే కలిసి చాలా ఏళ్ళు పని చేశాం. రాజ్యాలు మారాయి, రోడ్డు వెడల్పయింది, సీతాఫలం పొదలు పోయాయి. ఆయన చేతుల విద్య కొంచెం కొంచెంగా నా చేతుల్లోకి వచ్చింది. వయసు ముదిరి నా చెవుల్లోంచి కూడా పై స్వరాలు ఒక్కొక్కటే వెళ్ళిపోతున్నప్పుడు, నేను గాబరా పడలేదు. ఏం చేయాలో నాకు ముందే తెలుసు. పక్కన ఒక కుర్ర చెవిని నిలబెట్టుకుని, వాడి మాట నమ్మాలి. పని నేర్చుకుంటున్న మీకు నేను చెప్పగలిగింది ఇదే. మీకు వినబడనిది లేదనుకోకండి, వినబడేవాణ్ణి అడగండి. పెద్దవాళ్ళు అడిగినప్పుడు మీరూ ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

కానీ ఆ సాయంత్రం సంగతి ఇంకొంచెం మిగిలింది.

పాట చివరి చరణంలో ఉండగా ఉస్తాద్ వరండా దిగి, నెమ్మదిగా నడుస్తూ తల్లుల వెనక్కి వచ్చి నిలబడ్డారు. ఆ వరస చివర బోరబండ నుంచి వచ్చిన ఒకామె, ఒడిలో చంటివాడితో, స్పీకరు వైపు వేలు చూపించి పక్కామెతో చెబుతోంది.

"గదే, గదే నా బిడ్డ. ఇన్నవా?"

ఉస్తాద్ వంగి అడిగారు. "గింత మంది కలిసి పాడుతుంటే నీ బిడ్డను ఎట్ల గుర్తుపట్టినవమ్మా?"

ఆమె నవ్వింది. "మొన్ననే దానికి ముంగటి పన్ను ఊడింది సార్. స అన్నప్పుడల్లా ఆ సందుల నుంచి గాలి పోతది. మీకు ఇనబడ్తలేదా?"

నేను పక్కనే ఉన్నాను. ఆమె చెప్పాక నాకూ వినబడింది. అన్ని గొంతుల నడుమ, ప్రతి 'స్తోత్రం' మొదట్లో, సన్నగా జారిపోతున్న ఒక చిన్న గాలి. ఉస్తాద్ కాసేపు స్పీకరు వైపు చెవి పెట్టి చూశారు. తరువాత ఆమె పక్కన నేల మీద, ఆ దుమ్ములోనే, మఠం వేసుకుని కూర్చున్నారు.

"లేదమ్మా, నాకు ఇనబడది. నువ్వు చెప్పు. ఇప్పుడు పోయిందా గాలి?"

"ఆఁ, పోయింది. ఆగుండ్రి... ఇగో, మల్ల పోయింది."

పాట అయిపోయేదాకా ఆమె చెబుతూనే ఉంది. ఆయన ప్రతిసారీ తల ఊపుతూనే ఉన్నారు.